కాగితం మీద 3 మిల్లీమీటర్లు, నోట్లో సున్నా: నల్గొండ జిల్లా నుంచి ఒక పళ్ళ సెట్టు కేసు

ఆమె వయసు 63. ఊరు మర్రిగూడ వైపు. ఇరవై రోజుల కిందట మా డిపార్ట్‌మెంట్‌లోనే పూర్తి పళ్ళ సెట్టు కట్టించుకొని వెళ్ళింది. ఆ రోజు ఓపీలో కోడలి చేతిలోంచి చిన్న స్టీలు డబ్బా తీసుకొని, మూత తెరిచి నా టేబుల్ మీద పెట్టింది. లోపల నీళ్ళలో పై సెట్టు, కింది సెట్టు రెండూ ఉన్నాయి.

"డాక్టరమ్మా, ఇవి పెట్టుకుంటె నోటినిండ పండ్లే. నోరు మూస్త అంటె మూతపడదు. మాట్లాడితె టకటక కొట్టుకుంటున్నయి. పొద్దుగూకేసరికి దౌడలు గుంజుతున్నయి" అంది.

కేస్ షీట్ తెప్పించి చూశాను. రెస్ట్ వర్టికల్ డైమెన్షన్ 70 మిల్లీమీటర్లు, ఆక్లూజన్ 67, ఫ్రీవే స్పేస్ 3. వైవాలో (మౌఖిక పరీక్షలో) ఎవరైనా ఇలా చెబితే నేను ఫుల్ మార్కులు వేస్తాను. షీట్ కింద స్టాఫ్ సంతకం కూడా నాదే. అంకెలు చూసి పెట్టాను, ఆమె ముఖం చూసి కాదు. ఈ కేసు రాయడానికి అదే మొదటి కారణం. ఆమె అనుమతి తీసుకొని, గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను.

విషయం తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఏ పనీ లేకుండా ఊరికే కూర్చున్నప్పుడు మన పై పళ్ళూ కింది పళ్ళూ తగులుకోవు. పెదవులు మూసుకునే ఉంటాయి, లోపల పళ్ళ మధ్య సన్నని సందు ఉంటుంది. దవడను పట్టి ఉంచే కండరాలకు అదే విశ్రాంతి. ఆ స్థితిలో ముక్కు కొనకూ గదుమకూ మధ్య దూరం కొలిస్తే రెస్ట్ కొలత. పళ్ళు కరుచుకున్నప్పుడు కొలిస్తే ఆక్లూజన్ కొలత, సెట్టు ఎత్తు అంటే అదే. రెండింటి తేడాను ఫ్రీవే స్పేస్ అంటాం, మామూలుగా 2 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటుంది. పళ్ళున్న మనిషికి ఇదంతా దానంతటదే జరిగిపోతుంది. పళ్ళన్నీ పోయాక ఆ ఎత్తు ఇంత అని చెప్పే గుర్తు నోట్లో ఏదీ మిగలదు. పళ్ళ స్థానంలో మైనపు గోడల్లాంటి రిమ్ములు పెట్టి మనమే ఆ ఎత్తు వెతకాలి. తక్కువైతే ముఖం ముడుచుకుపోతుంది, నోటి మూలలు ఎప్పుడూ తడిసి పగులుతాయి, నమిలే బలం తగ్గుతుంది. ఎక్కువైతే కండరాలకు తెరిపి ఉండదు, మాటమాటకూ పళ్ళు కొట్టుకుంటాయి, కింది చిగురు రోజంతా నలుగుతూనే ఉంటుంది. ఆ నలుగుడికి కింద ఉన్న ఎముక కూడా అరుగుతుంది.

రోగి గురించి

చిన్నప్పటి నుంచి బావి నీళ్ళు, తర్వాత బోరు నీళ్ళు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఆ నీళ్ళ సంగతి ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడ్ తాగే నీటికి పనికిరాదు. పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దింపే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందిస్తే, దానికి ప్రపంచమంతటా 'నల్గొండ టెక్నిక్' అన్న పేరు స్థిరపడింది. మన జిల్లా పేరు పుస్తకాల్లోకి ఎక్కింది అలా. మిషన్ భగీరథ నీళ్ళు ఊరికి వచ్చేసరికి ఆమె ఎముకల్లో చేరాల్సింది చేరిపోయింది.

గార పండ్లు, పైన గుంటలు. పొర చిట్లిన పళ్ళు త్వరగా అరిగిపోయాయి. తర్వాత చిగుళ్ళ జబ్బు. చివరి మూడు పళ్ళు తీయించుకొని ఐదేళ్ళయింది. ఈ ఐదేళ్ళూ సెట్టు లేదు. అన్నం మెత్తగా పిసుక్కొని, చిగుళ్ళతో అదిమి, కింది దవడ ముందుకు తోసి తినడం అలవాటైంది. ఈ ముందుకు తోసే అలవాటు తర్వాత మాకు చాలా పని పెట్టింది.

అసలు సంగతి మెడ. స్కెలిటల్ ఫ్లోరోసిస్‌లో వెన్నుపూసల చుట్టూ ఉండే లిగమెంట్లు గట్టిపడతాయి. పక్కకు చూడమంటే ఆమె తల తిప్పలేదు, భుజాలతో సహా మొత్తం తిరిగింది. "మెడ తిరుగదు బిడ్డా, మనిషినే తిప్పాలె" అంది. వీపు కొంచెం ముందుకు వంగి ఉంటుంది, తల కూడా ఆ వంపులోనే ముందుకు ఉంటుంది. మొదటి కేస్ షీట్‌లో మెడ గురించి ఒక్క మాట లేదు. బీపీ ఉంది, షుగర్ ఉంది, మందుల పేర్లు ఉన్నాయి. మా షీట్‌లో మెడకు గడి లేదు కాబట్టి ఎవరూ రాయలేదు.

నోట్లో పై గట్టు, అంటే పళ్ళు పోయాక మిగిలిన ఎముక, చిగురు, ఫర్వాలేదు, గుండ్రంగా ఉంది. కింది గట్టు బాగా అరిగి, ముందు భాగంలో కత్తి అంచులా సన్నబడింది. పెదవుల మూలల్లో పాత పగుళ్ళ మచ్చలు. సెట్టు పెట్టుకొని కూర్చోమన్నాను. పెదవులు కలవడానికి గదుమ కండరాన్ని బిగిస్తోంది. గదుమ చర్మం మీద చిన్న చిన్న గుంటలు, నిమ్మకాయ తొక్కలాగా. ఈ ఒక్క గుర్తు చూస్తే చాలు, ఎత్తు ఎక్కువైందని తెలుస్తుంది. సెట్టు ఇచ్చిన రోజు కూడా ఆ గుంటలు ఉండే ఉంటాయి. ఎవరూ గదుమ వైపు చూడలేదు.

మళ్ళీ కొలిచిన రోజు

సెట్టు చేసిన హౌస్ సర్జన్ అబ్బాయిని పిలిచాను. మంచి విద్యార్థి, చేతి పని శుభ్రంగా ఉంటుంది. తప్పు పట్టడానికి కాదు, ఆ రోజు ఎలా కొలిచావో అలాగే కొలిచి చూపించమన్నాను.

డెంటల్ చైర్‌లో కూర్చోబెట్టాడు. వంగిన వీపు నిటారుగా సాగదు కాబట్టి ఆమెకు చైర్ ఆనలేదు. వెనక్కి ఆనుకోవడానికి సీటు కొంచెం వాల్చాడు, హెడ్ రెస్ట్ పైకి లాగి తల దాని మీద పెట్టాడు. తల వెనక్కి వెళ్ళింది, గదుమ పైకి లేచింది. ముక్కు కొన మీద ఒక చుక్క, గదుమ మీద ఒక చుక్క పెన్నుతో పెట్టాడు. రెండు రిమ్ములూ నోట్లోనే ఉన్నాయి. "అవ్వా, రిలాక్స్ అవ్వు" అన్నాడు. ఆమె రెండు చేతులూ చైర్ పట్టుకొని, కళ్ళు గట్టిగా మూసుకుంది. డివైడర్ పెట్టాడు, స్కేల్ మీద చూశాడు. 70.

తర్వాత ఆమెను లేపి, పక్కన ఉన్న ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చోబెట్టాం. కాళ్ళు నేలకు ఆనాలి, తల దేనికీ ఆనకూడదు. ఎదురుగా గోడ మీద క్యాలెండర్ ఉంది, దాన్ని చూడమన్నాను. కింది రిమ్ తీసేసి పై రిమ్ ఒక్కటే ఉంచాం. పెన్ను చుక్కల బదులు చిన్న ప్లాస్టర్ ముక్కలు అంటించి వాటి మీద గీత గీశాం, ఎందుకంటే గదుమ చర్మం కదిలితే చుక్క కూడా కదిలిపోతుంది. చేతులు ఒళ్ళో పెట్టుకోమన్నాను. "పెదవులు తడుపుకో అవ్వా. గుటక మింగు. ఇగ ఊకె కూసో, ఏం చెయ్యకు" అన్నాను. భుజాలు దిగేదాకా ఆగాం. పత్తి ఎట్లుంది, ఈసారి రేటు ఎట్లుంది అని కోడలు మాట కలిపింది. మధ్యలో కొలిచాను. 64. మళ్ళీ గుటక, మళ్ళీ ఆగడం. 66. తర్వాత 65, 65, 64.

65 తీసుకున్నాం. కాగితం మీద సెట్టు ఎత్తు 67. అంటే ఆమె ఊరికే కూర్చున్నప్పుడు ఉండాల్సిన ఎత్తు కంటే పళ్ళు కరుచుకున్నప్పటి ఎత్తు 2 మిల్లీమీటర్లు ఎక్కువ. ఇరవై రోజులుగా ఆమె దవడ కండరాలకు విశ్రాంతి అనేదే లేదు. ఆ అబ్బాయి డివైడర్ పట్టుకొని చాలాసేపు స్కేల్ వైపే చూస్తూ ఉండిపోయాడు.

5 మిల్లీమీటర్లు ఎక్కడినుంచి వచ్చాయి? ఎక్కువ భాగం తల వెనక్కి వాల్చడం వల్ల. తల వెనక్కి పోతే గదుమ కింది చర్మమూ కండరాలూ సాగి కింది దవడను కిందికి లాగుతాయి, సందు పెరుగుతుంది. తల ముందుకు వంచితే సందు తగ్గుతుంది. నమ్మకం లేకపోతే ఇప్పుడే చేసి చూడండి. పళ్ళు తగలకుండా ఊరికే కూర్చొని, మెల్లగా తల వెనక్కి వాల్చండి. దవడ తనంతట తాను తెరుచుకోవడం తెలుస్తుంది. మిగతాది రెండు రిమ్ములూ నోట్లో ఉండటం వల్ల, భయం వల్ల, ఒక్కసారే కొలవడం వల్ల.

అలా-ట్రేగస్ గీత, అంటే ముక్కు రెక్క నుంచి చెవి దాకా గీసే ఊహా గీత, నేలకు సమాంతరంగా ఉండేలా కూర్చోబెట్టి కొలవమని పుస్తకం చెబుతుంది. మామూలు మెడకు అది సరైన మాటే. ఈమె మెడను అలా నిలబెట్టాలంటే బలవంతం చేయాలి. బలవంతం చేసిన మెడ దగ్గర విశ్రాంతి కొలత ఎక్కడిది? ఆమె అన్నం తినేటప్పుడు, మాట్లాడేటప్పుడు తల ఎలా ఉంటుందో ఆ స్థితిలోనే కొలవాలని నేను నిర్ణయించాను. ఫ్లోరోసిస్ ఊళ్ళ నుంచి వచ్చే పెద్దవాళ్ళ విషయంలో ఇది మేం మొదటి నుంచీ చేయాల్సిన పని.

స అనే అక్షరం

కొలత ఒక్క దారిలో తీసి నమ్మకూడదు. ముక్కు, గదుమ గుర్తుల పద్ధతి నిస్వాంగర్ 1934లో రాసింది. రెస్ట్ పొజిషన్ జీవితాంతం మారదని 1946లో థాంప్సన్ అన్నాడు. 1956లో అట్‌వుడ్ తల ఎక్స్‌రేలతో చూసి, అదే మనిషిలో కూడా అది మారుతూ ఉంటుందని చూపించాడు. ఈ పేర్లు మా పిల్లలకు బాగా తెలుసు. పేర్ల వెనక ఉన్న వాదన వాళ్ళకు గుర్తుండదు. రెస్ట్ అంకె కదిలే అంకె కాబట్టే, దాన్ని పట్టుకోవడానికి సిల్వర్‌మన్ 1953లో మాటల పద్ధతి రాశాడు. స పలికినప్పుడు పై పళ్ళూ కింది పళ్ళూ బాగా దగ్గరికి వస్తాయి కానీ తగలవు. ఆ కొంచెం సందు మిగలకపోతే ఎత్తు ఎక్కువైనట్టే.

ఇంగ్లిష్ పుస్తకం సిక్స్‌టీ నుంచి సెవెంటీ దాకా లెక్కపెట్టించమంటుంది. మా హౌస్ సర్జన్ అరవై నుంచి లెక్కపెట్టించాడట. అరవై, అరవై ఒకటి, అరవై రెండు. అందులో స ఎక్కడుంది? అతను పద్ధతి మరిచిపోలేదు. దాన్ని తెలుగులోకి మార్చాడు, మార్చిన చోట అందులోని పని పోయింది. ఈ ఒక్క సంఘటన నన్ను ఆ వారమంతా వదల్లేదు.

పాత సెట్టు పెట్టుకోమని ఆమెను సకినాలు అనమన్నాను. టక్. సజ్జరొట్టె అనమన్నాను. టక్. సర్వపిండి, సీసా, సీతాఫలం. ప్రతి స దగ్గరా పళ్ళు కొట్టుకున్నాయి. పక్కన నిలబడ్డ పిల్లలందరికీ వినబడింది. ఇక స్కేల్ అవసరం లేదు.

విశ్రాంతి కొలతకు మ అక్షరం పనికొస్తుంది. అమ్మమ్మ, మామ అనిపించి, చివరి మ తర్వాత పెదవులు కలిసిన చోట ఆపమంటాను. అమ్మమ్మ దగ్గర ఆమె 65కే వచ్చింది. పై ముందు పళ్ళు ఎంత పొడవుండాలో చూడటానికి ఎఫ్, వి శబ్దాలు అని పుస్తకంలో ఉంటుంది. మన వ అంత గట్టిగా పై పంటిని కింది పెదవికి తాకించదు, అందుకే దాన్ని నేను నమ్మను. ఫోను అనమంటే సరిగ్గా పని చేస్తుంది. ఇప్పుడు ఏ ఊళ్ళోనైనా ఫోను అనని అవ్వ లేదు.

ఎత్తు ఎక్కడ పెరిగింది

పై సెట్టును పళ్ళ వరస సమంగా ఉందో లేదో చూసే ఫాక్స్ ప్లేన్‌తో చూశాం, తప్పు లేదు. పై పెదవి కింద పళ్ళు కనబడే తీరు కూడా బాగుంది. తప్పంతా కింది సెట్టులో ఉంది. కింది గట్టు చివర, చివరి దంతం వెనక రెట్రోమోలార్ ప్యాడ్ అనే మెత్తని దిబ్బ ఉంటుంది. ఎముక ఎంత అరిగినా ఆ దిబ్బ పెద్దగా మారదు. కింది వెనక పళ్ళ తలాలు ఆ దిబ్బ ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర ఉండాలి. ఇక్కడ దిబ్బను దాటి పైకి ఎక్కి ఉన్నాయి. నాలుక పళ్ళ మీదికి రాలేక కింద ఇరుక్కుపోతోంది. ముద్ద పళ్ళ మీద నిలవడం లేదని కూడా ఆమె అంది, కారణం ఇదే.

ఎందుకలా చేశావని అడిగితే అబ్బాయి చెప్పిన జవాబు, "18 ఉంది కదా మేడం." రెండో సంవత్సరం ల్యాబ్‌లో, ప్లాస్టర్ మోడల్ మీద, పై రిమ్ ముందు 22 మిల్లీమీటర్లు, కింది రిమ్ 18 అని మేమే నేర్పిస్తాం. అవి సగటు అంకెలు. రిమ్ కట్టడం ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కాబట్టి ఇచ్చినవి. నోట్లో పెట్టాక పెదవి చూసి, నాలుక చూసి, దిబ్బ చూసి కోయాలి. అతను కింది రిమ్‌ను కోయడానికి భయపడ్డాడు. 18 నుంచి తగ్గితే తప్పు చేస్తున్నట్టు అనిపించిందట. ల్యాబ్‌లో 18 లేకపోతే మళ్ళీ చేసుకురమ్మని వెనక్కి పంపింది మేమే కదా.

దవడ వెనక్కి రావడం

రెండో కొలత సెంట్రిక్ రిలేషన్, అంటే ముందుకూ వెనక్కూ దవడ ఎక్కడ నిలవాలన్నది. పాత సెట్టులో పళ్ళు కరుచుకున్నప్పుడు కింది దవడ సగం పన్ను వెడల్పు ముందుకు వచ్చి కూర్చుంటోంది. ఐదేళ్ళుగా ముందుకు తోసి తిన్న అలవాటే రికార్డు అయింది.

ఆ రోజు ఏమన్నావు అని అడిగాను. "కొరుకు అవ్వా అన్నాను మేడం." కొరుకు అంటే ఎవరైనా ఏం చేస్తారు? జామకాయ కొరికినట్టు కింది దవడ ముందుకు తెచ్చి ముందు పళ్ళతో కొరుకుతారు. మన మాటలో కొరకడం ముందు పళ్ళతో, నమలడం వెనక పళ్ళతో. బైట్ అనే ఒక్క ఇంగ్లిష్ మాటలో ఆ తేడా లేదు. ఈ సంగతి అతనికి చెప్పినప్పుడు పక్కన ఉన్న ఇద్దరు అమ్మాయిలు వెంటనే నోట్స్‌లో రాసుకున్నారు.

నేను పై రికార్డ్ బేస్ (రిమ్ కూర్చునే పలక) వెనక అంచు మధ్యలో చిన్న మైనపు గోళీ అంటించాను. "నాలిక మలిచి దాన్ని ముట్టుకో అవ్వా. ముట్టుకొనే ఉండి గుటక మింగు. ఇగ యెనక పండ్లు ఆనియ్యి" అన్నాను. నాలుక వెనక్కి వెళితే దవడ తోడుగా వెళుతుంది. మొదటి నాలుగైదు సార్లు ముందుకే వచ్చింది. కోప్పడితే ఇంకా బిగుసుకుంటారు. పది నిమిషాలు తెరిచి మూయించి కండరాలు అలసిపోయేలా చేశాక దవడ మెత్తబడింది. గదుమ కింద బొటనవేలితో ఊరికే దారి చూపించాను, నెట్టలేదు.

నెట్టడం గురించి ఒక మాట చెప్పాలి. సెంట్రిక్ రిలేషన్ అంటే ఏమిటని అడిగితే మా పిల్లల్లో కొందరు 'దవడ అన్నిటికంటే వెనక ఉండే స్థానం' అంటారు. అది 1956 నాటి మొదటి ప్రోస్థో (కట్టుడు పళ్ళ శాస్త్రం) పదకోశంలోని నిర్వచనం. 1987 నాటి ఐదో కూర్పులోనే అది మారింది, 2017 తొమ్మిదో కూర్పులో కూడా మారిన అర్థమే ఉంది: కండైల్ (కింది దవడ కీలు తల) తన గూట్లో ముందుకూ పైకీ, ఎమినెన్స్ (గూటి ముందున్న ఎముక దిబ్బ) వాలుకు ఆనుకొని ఉండే స్థానం. సీనియర్ల నోట్స్ ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కు జెరాక్స్ అవుతూ పాత మాటను మోసుకొస్తున్నాయి. ఇది వైవాలో అర మార్కు తేడా కాదు. వెనక్కి అన్న మాట బుర్రలో ఉన్న విద్యార్థి చేతులు గదుమను వెనక్కి నెడతాయి. నొప్పి పెడితే రోగి ఎదురు తోస్తుంది. ఆ పెనుగులాటలో తీసిన రికార్డు ఎందుకూ పనికిరాదు.

మైనంలో గాట్లు పెట్టి, సిలికాన్‌తో రికార్డు తీసుకున్నాం. మూడుసార్లు తీస్తే మూడూ ఒకే చోట కూర్చున్నాయి. దవడ కదలికను బాణం ఆకారంలో గీయించే గోథిక్ ఆర్చ్ ట్రేసింగ్ చేయలేదు. ఇంత సన్నని కింది గట్టు మీద బేస్ కదులుతూ ఉంటే ఆ బాణం గుర్తును నమ్మలేం.

కొత్త కింది సెట్టు

పై సెట్టు ఉంచుకొని కింది సెట్టు ఒక్కటే మళ్ళీ చేశాం. ఎత్తు 61, ఫ్రీవే స్పేస్ 4. గట్టు ఇంత అరిగిన, ఐదేళ్ళు పళ్ళు లేకుండా గడిపిన మనిషికి 2 ఇవ్వడం కంటే 4 ఇవ్వడం మేలని నా అనుభవం. ఫేస్ బోతో పై దవడ స్థానం తీసి, దవడ కదలికను చూపే ఆర్టిక్యులేటర్ మీద అమర్చే పని మామూలుగానే సాగింది.

ట్రై-ఇన్ రోజు తొందరపడలేదు. మైనంలో అమర్చిన పళ్ళు పెట్టి, ఆమెనూ కోడలినీ బయట బెంచీ మీద ఇరవై నిమిషాలు మాట్లాడుకొమ్మని పంపాను. వాళ్ళు మనవడి స్కూల్ ఫీజు గురించి మాట్లాడుకున్నారు. అబ్బాయి కొంచెం దూరంలో నిలబడి విన్నాడు. వచ్చి "ఒక్కసారి కూడా టక్ అనలేదు మేడం" అన్నాడు. గదుమ మీద నిమ్మతొక్క గుంటలు లేవు. అద్దం ఇస్తే ఆమె పళ్ళు చూసుకోలేదు, పెదవులు మూసి చూసుకుంది. "ఇప్పుడు మూతపడ్డది" అంది.

ఇచ్చిన మర్నాడు ఎడమ వైపు నాలుక కింద పుండు పడింది, అంచు రుద్ది సరిచేశాం. వారానికి దవడల గుంజుడు తగ్గింది. నెలకు జొన్నరొట్టె పప్పులో నానబెట్టుకొని తింటోంది. సకినాలు నమలలేకపోతోంది, బహుశా ఎప్పటికీ నమలలేదు. ఆవులిస్తే కింది సెట్టు లేస్తోంది. ఆ గట్టుకు ఇంతకంటే పట్టు రాదు. ఇంప్లాంట్ల మాట చెప్పాం, ఖర్చు విని వద్దన్నారు. ఆ మాట దాచకుండా రాయాలి. ఎత్తు సరిచేయడంతో అన్నీ సరికావు.

పిల్లలతో

తర్వాతి వారం హౌస్ సర్జన్లనూ ఫైనలియర్ వాళ్ళనూ కూర్చోబెట్టి మాట్లాడాను. పరీక్షలాగా కాదు. ఫ్రీవే స్పేస్ ఎంత అంటే అందరూ ఒకేసారి చెప్పారు. పద్ధతుల పేర్లు, రాసినవాళ్ళ పేర్లు, ఏ ఏడు అన్నవీ వచ్చాయి. తల వెనక్కి వాలిస్తే కొలత పెరుగుతుందా తగ్గుతుందా అంటే ఊహించి చెప్పారు, సగం మంది తప్పు. రోగి నిజంగా రెస్ట్‌లో ఉందని నీకెలా తెలుస్తుంది అంటే నిశ్శబ్దం. స పరీక్షకు తెలుగులో ఏ మాట అనిపిస్తావు అంటే ఎవరి దగ్గరా మాట లేదు.

వాళ్ళు చదవలేదని నేను అనను. చదివింది ఇంగ్లిష్‌లో, అడిగేది ఇంగ్లిష్‌లో, పని చేసేది తెలుగు నోట్లో. పైగా మేం అడిగేదంతా అంకె. సరైన అంకె చెప్పినవాడు పాస్. అంకెకు ముందు మనిషి ఎలా కూర్చుంది, ఏం చెప్పి కూర్చోబెట్టావు అన్నది ఏ వైవాలోనూ మేం అడగలేదు. జా రిలేషన్ (దవడల కొలతలు తీయడం) పాఠం మొత్తంలో అసలు కష్టం అక్కడే ఉందని నేనిప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

ఆ రోజు ఇద్దరిద్దరుగా జతకట్టించి ఒకరిది ఒకరు కొలవమన్నాను. తల నిటారుగా ఒకసారి, హెడ్ రెస్ట్ మీద వెనక్కి వాల్చి ఒకసారి, ముందుకు వంచి ఒకసారి. కొందరికి నిటారుకూ వాల్చినదానికీ 3 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. అంటే ఫ్రీవే స్పేస్ మొత్తం తల వాల్చడంలోనే కొట్టుకుపోతుంది. పళ్ళున్న, భయం లేని, ఇరవై రెండేళ్ళ మెడల్లో కూడా అంత తేడా రావడం చూసి వాళ్ళే ఆశ్చర్యపోయారు. తర్వాత పాలమూరు నుంచి వచ్చే అమ్మాయి ఒకతె తెలుగు మాటల చీటీ రాసింది: రెస్ట్‌కు అమ్మమ్మ, స కు సకినాలు, బాలానగర్ సీతాఫలం. ఫ కు ఫోను. కొరుకు అని కొట్టేసి, యెనక పండ్లు ఆనియ్యి అని రాసింది. ఆ చీటీ ఇప్పుడు ప్రోస్థో క్లినిక్‌లో ప్రతి చైర్ దగ్గరా అంటించి ఉంది.

కేస్ షీట్‌లో మూడు గడులు చేర్చాం. మెడ ఎంత తిరుగుతుంది. ఏ స్థితిలో కూర్చోబెట్టి కొలిచావు. ఐదు రీడింగులు, ఒక్కటి కాదు. రెండో సంవత్సరం ల్యాబ్‌లో 22, 18 ఇంకా నేర్పిస్తున్నాం, కానీ ఒకరి మోడల్ మీద కట్టిన రిమ్‌ను బాగా అరిగిన ఇంకో మోడల్ మీద పెట్టించి, ఎక్కడ కోయాలో వాళ్ళతోనే గుర్తు పెట్టిస్తున్నాం. కోసిన రిమ్‌కు మార్కులు తగ్గించం.

ఆ హౌస్ సర్జన్ తర్వాతి కేసు చండూరు నుంచి వచ్చిన తాత. నేను క్లినిక్‌లోకి వెళ్ళేసరికి చైర్ ఖాళీగా ఉంది. తాత ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చొని, కిటికీలోంచి బస్సులు చూస్తూ ఏదో చెబుతున్నాడు. అబ్బాయి డివైడర్ చేతిలో పట్టుకొని, ఇంకా కొలవకుండా వింటున్నాడు.

అవ్వకు ఆరు నెలల చెకప్ రాసిచ్చాం. గట్టు ఎంత అరిగిందో, ఎత్తు ఇంకా 61 దగ్గరే ఉందో లేదో చూడాలి. "పత్తి ఏరుడు అయినంక వస్త బిడ్డా" అంది.